మనకు వచ్చిన ఉత్తరము, మనది కాని సంగతి

పాఠ్యభాగములు: ఆదికాండము 9:20–23, సామెతలు 11:13, మార్కు 7:31–35



ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకొనిన సంగతి పాతదియే గాని, అది మన యిండ్లలోనికి వచ్చిన త్రోవ క్రొత్తది. మన గ్రామ సంఘములలో ఈ-మెయిలు లేని తల్లిదండ్రులు ఇంకను ఉన్నారు గాని, ఈ-మెయిలు గల కుమారుడో కుమార్తెయో లేని కుటుంబము అరుదు. కువైటులో ఇంటిపని చేయు సహోదరి, హైదరాబాదులో నర్సుగా నున్న కుమార్తె, అమెరికాలో డాలస్ పట్టణమందున్న అల్లుడు, వీరందరితోను సంఘము ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుచున్నది. ప్రార్థన మనవులు, సువార్త కూటముల ప్రకటనలు, మందిర నిర్మాణపు లెక్కలు, మరణవార్తలు ఒక్క నొక్కుతో అనేకులకు పోవుచున్నవి. మనకు వచ్చిన ఉత్తరమును ఉన్నదున్నట్లుగా ఇతరులకు పంపుటను ఫార్వర్డు చేయుట అందురు. ఆ పనిలో ఇతరుల పేర్లను, చిరునామాలను, గుట్టును కాపాడవలసిన బాధ్యత మనయందు ఎంతవరకు ఉన్నది? దీనిని గూర్చి కొంచెము నిదానముగా ఆలోచింతము.

ముందుగా మా తప్పిదమును చెప్పుకొనుట న్యాయము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక తల్లి, పట్నపు ఆసుపత్రిలో నున్న తన కుమార్తెయొద్దనుండి మాకు ఒక మెయిలు పంపెను. కుమార్తెకు వచ్చిన వ్యాధి ఏదియో, వైద్యులేమి చెప్పిరో, ఎంత ఖర్చగుచున్నదో వివరముగా వ్రాసి, మా కొరకు ప్రార్థింపుడని వేడుకొనెను. అది శనివారము సాయంత్రము. మరుసటి దినపు ప్రసంగము ఇంకను సిద్ధపడలేదు. మేము ఆ మెయిలును చదివి, మనస్సు కరగి, పైన రెండు పంక్తులు చేర్చి, మా ప్రార్థన పట్టికలోని అరువదిమందికి పైగా ఫార్వర్డు చేసితిమి. ఆ తల్లి వ్రాసినదంతయు క్రింద అట్లే యుండెను. అందరి చిరునామాలును అందరికి కనబడునట్లుండెను. చేసినది మంచి పనియే అనుకొని నిద్రించితిమి.

ఆ కుమార్తెకు సంబంధము మాట్లాడుకొనుచుండిరని మాకు తెలియదు. మా పట్టికలో నున్నవారిలో ఒకరు వరుని తరఫువారికి దూరపు చుట్టమని అంతకంటె తెలియదు. వారు దురుద్దేశముతో చేయలేదు; మావలెనే ప్రార్థించుటకై తమ పట్టికలోని వారికి పంపిరి. మూడు దినములలో మాట తప్పిపోయెను. మేము ఆ యింటికి పోయినప్పుడు ఆ తల్లి మజ్జిగ ఇచ్చి, తల వంచుకొని, "అయ్యగారూ, నేను మీకు వ్రాసినాను గాని ఊరికి వ్రాయలేదు గదా" అనెను. మాకు సమాధానము దొరకలేదు. రెండేండ్లు ఆ కుటుంబము పొరుగు ఊరి మందిరములో ఆరాధించెను.

ఆ వ్యాధి ఏదియో ఇక్కడ కూడ చెప్పము. ఈ కొద్దిపాటి సంగతియైనను ఆ కుమార్తె అనుమతి తీసికొనియే వ్రాయుచున్నాము.

ఇప్పుడు పాఠ్యభాగమునకు వత్తము. నోవహు ద్రాక్షారసము త్రాగి మత్తుడై తన గుడారములో వస్త్రహీనుడై యుండగా హాము చూచెను. చూచుట మాత్రమే అతని తప్పని మేము అనజాలము. గుడారములోనికి పోయినవానికి కనబడకుండునా? అయితే అతడు బయటికి వచ్చి తన అన్నదమ్ములిద్దరికి చెప్పెను. అతడు చెప్పినదానిలో అబద్ధము లేదని గమనింపుడు. మనలో కొందరు "ఉన్నదే పంపితిమి, ఒక్క అక్షరమైనను కల్పింపలేదు" అని తమ్మును నిర్దోషులుగా ఎంచుకొందురు. హాము కూడ ఆ మాట చెప్పగలిగియుండును. షేము, యాపెతులైతే వస్త్రము నొకదానిని ఇద్దరి భుజములమీద వేసికొని వెనుకకు నడచి తండ్రిని కప్పిరి. వారికి సంగతి తెలియక కాదు. తెలిసియు చూడలేదు, తెలిసియు ఇంకొకరికి చెప్పినట్లు వ్రాయబడలేదు. వేదాంత పాఠశాలలో మా గురువుగారు ఈ భాగమును చెప్పుచు, మమ్మును లేపి గదిలో వెనుకకు నడువుమనిరి. బల్లలు తగిలి అందరము నవ్వితిమి. వెనుకకు నడచుట నిదానమైన నడక అని ఆయన భావము. (ఈ అధ్యాయములో తరువాత వచ్చు శాపమును నల్లజాతివారిని బానిసలుగా చేసికొనుటకు ఆధారముగా వాడుకొనిన బోధకులు పూర్వము ఉండిరి. అది సిగ్గుపడవలసిన చరిత్ర. దానికి వేరొక పాఠము కావలెను.)

మార్కు సువార్తలో, చెవిటివానిని కొందరు ప్రభువునొద్దకు తీసికొనివచ్చి వేడుకొనిరి. వారు స్నేహితులే, వారిది విజ్ఞాపనయే. అయినను ప్రభువు ఆ మనుష్యుని జనసమూహమునుండి ప్రక్కకు తీసికొనిపోయి స్వస్థపరచెను. వానికి జరుగుచున్నది అందరును చూడవలెనని ఆయన కోరలేదు. వాని పేరును మనకు తెలియదు. రెండువేల సంవత్సరములుగా వానిని గూర్చి ప్రసంగించుచున్నాము గాని, పేరు తెలియనందున ఏ ప్రసంగమునకును కొరత రాలేదు.

ఇక్కడ ఒక సహోదరుడు మమ్మును ఎదిరించి అడిగెను: "పౌలుగారు రోమా పత్రిక కడపటి అధ్యాయములో అంతమంది పేర్లు వ్రాయలేదా? ఎపఫ్రొదితు చావునకు సిద్ధమగునంత రోగియాయెనని ఫిలిప్పీయులకు వ్రాయలేదా?" ప్రశ్న మంచిదే. రోమా పత్రికలోని పేర్లు వందనములకొరకు, వారు పడిన ప్రయాసను గౌరవించుటకొరకు వ్రాయబడినవి. వారి యింటి సంగతులు అక్కడ లేవు. ఎపఫ్రొదితు విషయమునైతే ఫిలిప్పీయులు పౌలు ఉత్తరమునకు ముందే వినియుండిరి. వారు విన్నారని తెలిసి ఎపఫ్రొదితే మిక్కిలి విచారపడుచుండెను. అతడు స్వస్థుడై, వారియొద్దకు తిరిగి పోవుచుండెను. అనగా పౌలు వ్రాసినది ఒకని గుట్టును బయటపెట్టుటకు కాదు, అప్పటికే బయటపడిన వార్తచేత కలిగిన దుఃఖమును తీర్చుటకు. తిమోతి కడుపు జబ్బును గూర్చి వ్రాసినప్పుడు తిమోతికే వ్రాసెను.

ఇక ఈ-మెయిలు సంగతి. పూర్వము తాలూకా కచేరీ ప్రక్కన టైపు మిషను పెట్టుకొని అర్జీలు కొట్టువారిని మీలో పెద్దలు చూచియుందురు. రెండు కాగితముల నడుమ నల్లని కార్బను కాగితము పెట్టి కొట్టిన యెడల క్రింద మరియొక ప్రతి వచ్చును. దానిని కార్బను కాపీ అందురు. ఈ-మెయిలులో కనబడు సి.సి. అను రెండక్షరములు ఆ కార్బను కాపీయే. సి.సి.లో పెట్టినవారి చిరునామాలు అందరికి కనబడును. బి.సి.సి. అనునది మరియొకటి, అక్కడ పెట్టినవారికి ఉత్తరము చేరును గాని, వారెవరో తక్కినవారికి కనబడదు. మన సంఘములలో బి.సి.సి. అనగానే కులధ్రువీకరణ పత్రము జ్ఞాపకము వచ్చుట సహజము. మొదటిసారి స్త్రీల సమాజములో ఈ మాట చెప్పినప్పుడు ఒక అమ్మగారు "అది మా వాడికి ఎప్పుడో వచ్చిందండి" అనిరి. ఇది ఆ బి.సి.సి. కాదు.

అనేకులకు ఒకే మెయిలు పంపవలసినప్పుడు "టు" అనుచోట మీ చిరునామానే పెట్టుకొని, తక్కినవారినందరిని బి.సి.సి.లో పెట్టుడి. ఫోనులో జీమెయిలు వాడువారికి "టు" ప్రక్కనున్న చిన్న బాణమును తాకిన గాని సి.సి., బి.సి.సి. కనబడవు, అందుచేతనే చాలమంది అవి లేవనుకొందురు. ఫార్వర్డు చేయునప్పుడు మరియొక చిక్కున్నది. మీకు ఆ మెయిలు పంపినవారి పేరు, తేదీ, వారు ఇంకెవరెవరికి పంపిరో ఆ జాబితా యావత్తు అక్షరములుగా మీ మెయిలు లోపల వచ్చి కూర్చుండును. ఇద్దరు ముగ్గురి చేతులు మారినదైతే అట్టి జాబితాలు ఒకదాని క్రింద ఒకటి పేరుకొనియుండును. మీరు బి.సి.సి. వాడినను ఈ పాత జాబితాలు పోవు. వ్రేలితో క్రిందికి జరిపి చూచి, వాటిని తుడిచివేయవలెను. మేము ఒకసారి ఒక సువార్త కూటపు ప్రకటనను ఇట్లు చూడగా, ప్రకటన ఆరు పంక్తులు, దాని పైనున్న పేర్లు రెండు పుటలు.

అందరికి జవాబిచ్చు మీట వేరు, పంపినవారికి మాత్రమే జవాబిచ్చు మీట వేరు. "మా అబ్బాయి కూడ త్రాగుడు మానలేదు, ప్రార్థించండి" అని అయ్యగారికి వ్రాయబోయి అందరికి వ్రాసిన తల్లి దుఃఖమును మేము చూచితిమి. మీరు బి.సి.సి.లో ఉండి అందరికి జవాబు మీట నొక్కిన యెడల, మిమ్మును దాచి పంపిన మెయిలును మీరు కూడ పొందితిరని మీరే బయటపెట్టుకొందురు. ఇది పెద్దలు గమనింపవలెను.

ఇంత చిన్న గడి విషయమై ఇంత పట్టుదల ఎందుకని అడుగుదురేమో. లోకములో జరిగిన రెండు సంగతులు చెప్పెదము. 2015 సెప్టెంబరు 1వ తేదీన లండనులోని 56 డీన్ స్ట్రీట్ అను వైద్యశాలనుండి ఒక వార్తాపత్రిక మెయిలు ద్వారా 781 మందికి పోయెను. పొందినవారిలో చాలమంది హెచ్.ఐ.వి.తో జీవించువారు. పంపినవారు చిరునామాలను బి.సి.సి.లో పెట్టుటకు బదులు "టు"లో పెట్టిరి. వారిలో 730 మంది చిరునామాలలో వారి పూర్తి పేర్లే యుండెను. ఒకే ఊరివారు, ఒకే స్నేహితుల గుంపువారు ఒకరి పేరొకరు అక్కడ చూచుకొనిరి. మరుసటి సంవత్సరము మే నెలలో అక్కడి సమాచార రక్షణ అధికారి ఆ వైద్యశాల యాజమాన్యమునకు 1,80,000 పౌనుల జరిమానా వేసెను. అదే యాజమాన్యములో 2010లో పదునేడుగురి విషయమున ఇట్టి పొరపాటే జరిగియుండెను. చిన్న పట్టికతో నేర్చుకొనవలసిన పాఠమును పెద్ద పట్టికవరకు వాయిదా వేసిరి.

రెండవది 2021లో ఆఫ్ఘనిస్తాను తాలిబానుల వశమైన తరువాత జరిగినది. బ్రిటిషు సైన్యమునకు సహాయము చేసి, ప్రాణభయముతో దాగియున్న 245 మందికి ఆ దేశ రక్షణశాఖ సెప్టెంబరు 20వ తేదీన ఒకే మెయిలు పంపెను. ఇక్కడను చిరునామాలన్నియు "టు"లోనే. వారిలో 55 మంది చిన్న ఫోటోలు కూడ కనబడెను. ఇద్దరు అందరికి జవాబు మీట నొక్కిరి. వారిలో ఒకడు తాను ఎక్కడ నున్నాడో వ్రాసెను. 2023 డిసెంబరులో ఆ శాఖకు 3,50,000 పౌనుల జరిమానా వచ్చెను. పంపిన ఉద్యోగి ఆ ప్రజల మేలు కోరియే పంపెనని మనము మరచిపోరాదు.

మనది వైద్యశాల కాదు, సైన్యము కాదు అందురా? మన పట్టికలో ఎవరెవరున్నారో ఒకసారి చదువుకొనుడి. ఇంటివారికి తెలియకుండ ఆరాధనకు వచ్చుచున్న యవ్వనస్థుడున్నాడు. భర్త కొట్టగా పుట్టింటికి వచ్చి, తానెక్కడ నున్నదో అతనికి తెలియకూడదని ప్రార్థించు సహోదరి యున్నది. బహిరంగముగా కూడుకొని ప్రార్థింపరాని దేశములలో పనికి పోయినవారున్నారు. వీరికి వ్యాధి సంగతియో అప్పు సంగతియో బయటపడనక్కరలేదు. సంఘ పట్టికలో పేరు కనబడుటయే చాలును.

దొంగలకును ఈ పట్టికలు పనికివచ్చును. ఒక సంఘపు పట్టిక చేతికి చిక్కినవాడు, కాపరి పేరుతో క్రొత్త చిరునామా యొకటి తెరచి, "కూటములో ఉన్నాను, ఫోను ఎత్తలేను, అత్యవసరముగా డబ్బు పంపుము" అని ఒక్కొక్కరికి వ్రాయును. మా పేరుతో కూడ అట్టి మెయిలు తిరిగెను. ఒక వృద్ధుడు మామీది ప్రేమచేత పింఛను డబ్బు పంపబోయెను. బ్యాంకువారు నిదానించి అడుగగా తప్పిపోయెను. ఇట్లు డబ్బు పోయిన యెడల ఆలస్యము చేయక 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. అయ్యగారు మెయిలులో డబ్బు అడిగిన యెడల, అయ్యగారి ఇంటి తలుపు తట్టి అడుగుడి.

వాట్సాపు గ్రూపుల విషయము కొంచెము చెప్పి విడిచెదము. గ్రూపులో చేర్చినవారి ఫోను నంబర్లు తక్కిన సభ్యులకు కనబడును. మన యవ్వన సహోదరీలు గ్రూపులో చేరిన మరునాటినుండి తెలియని నంబర్లనుండి ఫోనులు వచ్చుచున్నవని చెప్పినప్పుడు, "గ్రూపు విడిచిపొమ్ము" అని వారికే చెప్పితిమి. అది అన్యాయము. ప్రకటనలు మాత్రమే పంపుటకు బ్రాడ్‌కాస్టు పట్టిక అనునది యున్నది. ఒక్కొక్క పట్టికలో 256 మందివరకు చేర్చవచ్చును, ఒక్కొక్కరికి విడిగా చేరును, ఒకరి నంబరు మరియొకరికి కనబడదు. అయితే మీ నంబరును తమ ఫోనులో దాచుకొనినవారికే అది చేరును. కాబట్టి మొదట ఆ పని చేయించుడి.

మన దేశపు చట్టమును ఈ విషయమై మౌనముగా లేదు. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీము కోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రతి మనుష్యుని ప్రాథమిక హక్కు అని ఏకముగా తీర్పు చెప్పిరి. హెచ్.ఐ.వి. గలవారి సంగతిని వారి సమ్మతి లేక బయటపెట్టరాదని 2017లో చేసిన వేరొక చట్టమున్నది. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో చట్టము చేయబడి, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి. అవి అంచెలంచెలుగా అమలునకు వచ్చును. ఒక మనిషి తన యింటి పనికై తన స్నేహితుల నంబర్లు వ్రాసికొనుట ఆ చట్టము క్రిందికి రాదు. అయితే ఆ తల్లి మజ్జిగ ఇచ్చి అడిగిన ప్రశ్న ఏ చట్టమునకు లోబడినది?

పొరపాటు జరిగిన తరువాత ఏమి చేయవలెనని అనేకులు అడిగిరి. జీమెయిలులో పంపిన మెయిలును వెనుకకు తీసికొను సదుపాయమున్నది గాని, దాని గడువు 5 సెకనులు మొదలుకొని హెచ్చుగా 30 సెకనులవరకే. సెట్టింగులలో 30 అని పెట్టుకొనుడి. ఆ గడువు దాటిన తరువాత అది పోయిన బాణమే. అప్పుడు కంగారుపడి, "పై మెయిలును దయచేసి చదువకుడి" అని మరల అందరి చిరునామాలు పెట్టి పంపువారున్నారు. చదువనివారు సయితము అప్పుడు వెదకి చదువుదురు. మొదట ఎవరి సంగతి బయటపడెనో వారియొద్దకు పోయి, ఏమి జరిగెనో దాచక చెప్పి, క్షమాపణ అడుగవలెను; ఇతరులద్వారా వారు వినకమునుపే. తరువాత పొందినవారిని విడివిడిగా, బి.సి.సి.తో, తుడిచివేయుమని వేడుకొనవలెను. మేము ఈ వరుసను తలక్రిందులుగా చేసితిమి గనుక చెప్పుచున్నాము. మేము మూడవ దినమున ఆ యింటికి పోవునప్పటికే వార్త మాకంటె ముందు పోయియుండెను.

"అయ్యగారూ, పేరు లేక ఎట్లు ప్రార్థింతుము? వివరము తెలిసిన గదా భారము కలుగును" అని పెద్దలలో ఒకరు అనిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. పేరు చెప్పి ప్రార్థించుట ప్రేమ గలవారు చేయు పని. పేరు లేని మనవి త్వరలో మరచిపోబడును. ఉపవాస కూటములో ఒక తల్లి లేచి తన నోటితో తన కష్టము చెప్పుకొనినప్పుడు సంఘమంతయు ఏడ్చినదినములు మాకు తెలియును. అది మానవలెనని మేము చెప్పుటలేదు. తన కష్టమును తాను చెప్పుకొను స్వాతంత్ర్యము ఆమెది. దానిని ఆమె బదులు మేము చెప్పుటకు ఆమెయొద్దనుండి సెలవు తీసికొనవలెను. అంతవరకు "చికిత్స పొందుచున్న ఒక సహోదరి" అని వ్రాసిన చాలును. భారము తక్కువైన యెడల ఆ లోపము మనలోనిదే. నిజము చెప్పవలెనంటే, వివరము కోరువారందరును ప్రార్థించుటకే కోరుటలేదు. సామెతల గ్రంథకర్త కొండెగాడని పిలిచినవాడు మనలో ప్రార్థన మనవి చేతపట్టుకొని తిరుగుట మేము చూచితిమి.

ఇప్పుడు మా సంఘములో జరుగుచున్నది ఇట్లున్నది. ప్రార్థన మనవి ఇచ్చువారు ఒక చిన్న కాగితము నింపుదురు. అందులో మూడు గడులు: అయ్యగారికి మాత్రమే, సంఘ పెద్దలకు, అందరికి. చదువురానివారిని మా యింటి అమ్మగారు అడిగి గుర్తు పెట్టుదురు. గుర్తు లేని కాగితము అయ్యగారికి మాత్రమే అని ఎంచబడును. మెయిలు పంపు పని యవ్వనస్థుల కూటపు కార్యదర్శికి అప్పగించితిమి. పంపుటకు ముందు వేరొకరు చూతురు. మొదటి నెలలలో కొందరు విసుగుకొనిరి. ఒకరైతే "ప్రార్థనకు కూడ ఫారమా?" అనిరి. నేటికిని అనుచున్నారు.

గత నెలలో ఆ కుమార్తె, ఇప్పుడు తాను ఉద్యోగము చేయు పట్టణమునుండి, మాకు ఒక మెయిలు వ్రాసెను. మొదటి పంక్తిలో "అయ్యగారికి, అమ్మగారికి మాత్రమే" అని యుండెను. మేమిద్దరము చదివి, మోకరించి ప్రార్థించితిమి. ఆదివారము పెద్దల కూటములో ఆమె క్షేమమును గూర్చి ఒకరు అడుగగా, మెయిలు వచ్చినదని మాత్రము చెప్పితిమి. వారు మరేమియు అడుగలేదు.